వద్దనలేని కానుక

"ఆ కొండ ఏదో ఒకరోజు పిల్లల మీదికి దిగుతుంది, చూస్తూ ఉండండి."

గుద్రున్ ఆ మాట అన్నప్పుడు ఆకాశంలో మబ్బుతునక కూడా లేదు. సెప్టెంబరు ఎండ బాలవాడి వంటింటి కిటికీలోంచి వచ్చి ఆమె చేతిలోని బంగాళాదుంప మీద పడుతోంది. బయట పెరట్లో, కొండవైపు కంచె వారగా, తొమ్మిది పిల్లల బండ్లు వరసగా నిలబెట్టి ఉన్నాయి. తొమ్మిదింటిలోనూ ఉన్ని దుప్పట్లలో చుట్టుకుని పసివాళ్ళు మధ్యాహ్నపు నిద్ర పోతున్నారు. చలైనా ఎండైనా పసివాళ్ళని ఆరుబయటే పడుకోబెట్టడం అక్కడి అలవాటు. మూడో బండిలో ఆమె కూతురు తూవా. రెండేళ్ళది. నలభై దాటాక పుట్టిన పిల్ల.

బాలవాడి పెద్ద బెరిత్ పళ్ళేలు తుడుస్తూ నవ్వింది. "నిన్న చేపముల్లు అన్నావు. మొన్న ఫెర్రీ మునుగుతుందన్నావు. ఇవాళ కొండ వంతా? రేపటికి ఏం మిగిల్చావమ్మా?"

"నవ్వు, నవ్వు. ఏదో ఆ అడవి అడ్డముంది కాబట్టి సరిపోయింది."

గుద్రున్ భయాలు స్కారెదాల్ లోయంతటికీ తెలుసు. మంచుగడ్డ చూస్తే కాలు విరగడం కనిపిస్తుంది ఆమెకు, పడవ చూస్తే శవం కనిపిస్తుంది. చదివింది తొమ్మిదో తరగతి. పుస్తకాల్లో ఏముందో ఆమెకు తెలియదు గానీ, ఏది ఎక్కడ జారుతుందో, ఏది ఎవరి గొంతులో ఇరుక్కుంటుందో మాత్రం కంటికి ముందే కనబడుతుంది. రోజూ పులి పులి అని అరిచేవాళ్ళ మాట ఎవరు వింటారు? ఎవరూ వినేవారు కాదు.

కానీ ఆ అడవి సంగతి ఆమె కల్పించుకున్నది కాదు. ఎనిమిది తరాల కిందట ఒక చలికాలం ఆ కొండ మీది మంచు జారి, పశువుల కొట్టాన్ని పశువులతో సహా సముద్రపు పాయలోకి నెట్టేసింది. అప్పటినుంచి వాలు మీది స్ప్రూస్ అనే సూదాకుల చెట్లను ఎవరూ ముట్టుకోలేదు. దాన్ని కాపలా అడవి అంటారు. పొయ్యిలోకి పుల్ల లేక వణికిన యుద్ధకాలంలో కూడా దాని జోలికి వెళ్ళలేదు. చేతికర్ర కోసం అందులో ఒక కొమ్మ కోశాడని గుద్రున్ భర్త హల్వర్ వాళ్ళ తాత, పెళ్ళీడుకొచ్చిన కొడుకుని నలుగురిలో చెంపమీద కొట్టాడట. ఆ అడవి ఇప్పుడు హల్వర్ పేరు మీద ఉంది. దాని పాదాల దగ్గర, గాలి తగలని మూలలో, బాలవాడి ఉంది.

మరుసటి వారం గుద్రున్ పనినుంచి ఇంటికి వచ్చేసరికి, ఆ అడవి నడుమ ఒక చెట్టుకి ఎర్ర రిబ్బను కట్టి ఉంది. చెట్లన్నిటికంటే ఎత్తయిన చెట్టు. కింది కొమ్మలు నేలను ఊడుస్తుంటాయి, తల మాత్రం ఎక్కడో మబ్బుల్లో ఉంటుంది.

హల్వర్ గుమ్మంలో నిలబడి పెళ్ళికొడుకులా మొహం వెలిగించుకుని ఉన్నాడు.

"ఏం చేశావ్?" అంది గుద్రున్.

"ఇంకా ఏం చెప్పలేదు కదే!"

"నీ మొహం చెబుతోంది. ఏం చేశావ్?"

"మేయర్ వచ్చాడు. ఈ ఏడు హార్న్‌బేకి వెళ్ళే చెట్టు మనదే. చెయ్యి ఇచ్చేశాను."

చెయ్యి ఇచ్చేశాను అంటే అయిపోయినట్టే. ఆ లోయలో చెయ్యి కలిపినచోట కాగితం అడగరు. కలిపిన చెయ్యి వెనక్కి తీసుకున్నవాడికి పెళ్ళిలో పిలుపు ఉండదు, చావులో శవపేటిక మోయడానికి మనిషి దొరకడు.

హార్న్‌బే సంగతి పసిపిల్లాడికి కూడా తెలుసు. యుద్ధంలో స్కారెదాల్ నుంచి నలభైమంది ఒక చేపల పడవలో పారిపోయి, ఇంగ్లండు తీరంలోని ఆ రేవులో దిగారు. అక్కడివాళ్ళు రొట్టె పెట్టారు, దుప్పటి కప్పారు, ఇళ్ళల్లో ఉంచుకున్నారు. ఆ కృతజ్ఞత కొద్దీ ఏటా క్రిస్మస్‌కి ఒక చెట్టు కానుకగా పంపుతారు. వాళ్ళ కూడలిలో నిలబెట్టి దీపాలు పెట్టుకుంటారు. మొదట్లో పడవలో పట్టేంత చెట్టు వెళ్ళేది. మనిషికి రెండింతలు ఉండేది, అంతే. తర్వాత తర్వాత, పోయినేటి చెట్టుకంటే ఈయేటి చెట్టు ఎత్తుండాలన్నది ఎప్పుడు మొదలైందో, ఎవరు మొదలుపెట్టారో ఎవరికీ గుర్తులేదు. పోయినేడు ఓడలో కొమ్మలు విరిగి, చెట్టు బోసిగా దిగింది. హార్న్‌బే పత్రిక దాని ఫోటో వేసి, ఈకలు పీకిన కోడి అని కింద రాసింది. ఆ ముక్కని కత్తిరించి ఎవరో స్కారెదాల్‌కి పంపారు. మేయర్ టోర్‌గేర్ దాన్ని చొక్కా జేబులో పెట్టుకుని తిరుగుతున్నాడు, పుండుని గోకినట్టు రోజుకోసారి తీసి చూసుకుంటూ.

"ఒక్క చెట్టే కదా," అన్నాడు హల్వర్.

"మీ తాత ఒక్క కొమ్మకి కొట్టాడు."

"అది చేతికర్ర కోసం. ఇది మాట కోసం."

"కొండకి ఆ తేడా తెలుసా?"

హల్వర్ చూపు ఎర్ర రిబ్బను మీదికి పోయింది. చెట్టు ఇచ్చిన ఇంటివాళ్ళని దీపాల పండగకి ఇంగ్లండు తీసుకెళ్తారు. నలభై ఎనిమిదేళ్ళలో గొర్రెలను తోలుకుని పక్క లోయ దాకా తప్ప వెళ్ళనివాడు. ఆ సంబరం అతని కళ్ళల్లో కనిపిస్తూనే ఉంది. గుద్రున్‌కి ఒక్క క్షణం జాలేసింది. మరుక్షణం కిటికీలోంచి బాలవాడి కప్పు కనిపించింది, జాలి ఎగిరిపోయింది.

ఒక్క చెట్టు ఒక్క చెట్టుగా మిగల్లేదు. క్రేన్ నడిపే ఆస్లే వచ్చి వాలంతా కొలిచి చెప్పాడు. "నరికి పడేస్తే కొమ్మలు విరుగుతాయి. తల దగ్గర పట్టుకుని గాల్లోకి లేపి, మెల్లగా పడుకోబెట్టాలి. అలా లేపాలంటే క్రేన్ పక్కకి రావాలి. క్రేన్ రావాలంటే దారి వెయ్యాలి."

"దారికి ఎన్ని చెట్లు పోతాయి?" అని గుద్రున్ అడిగింది.

"నలభై మూడు," అన్నాడు ఆస్లే, ఆమె కళ్ళలోకి చూడకుండా.

మర్నాడే ఆమె ఏప్రన్ కూడా విప్పకుండా మేయర్ దగ్గరికి వెళ్ళింది. టోర్‌గేర్ ఆమెకంటే రెండేళ్ళు చిన్న. చిన్నప్పుడు అతని ముక్కు తుడిచిన చెయ్యే ఆమెది.

"టోర్‌గేర్, బుద్ధుందా నీకు? పిల్లలు పడుకునే చోటికి తిన్నగా పైన దారి తవ్విస్తావా? ఆ చెట్ల వేళ్ళే కదా వాననీటిని పట్టుకునేది."

"కూర్చో గుద్రున్, కాఫీ తాగు. ఇంజనీరుని అడిగాను. పర్వాలేదన్నాడు."

"వచ్చి చూశాడా?"

"ఫోన్లో అడిగాను."

"ఫోన్లో కొండ కనిపించిందా ఆయనకి?"

టోర్‌గేర్ మొహం ముడుచుకుంది. "మన తాతలకి వాళ్ళు రొట్టె పెట్టారు. మర్చిపోదామా?"

"రొట్టె పెట్టారు, నిజమే. దానికి బదులు మన పిల్లల నెత్తిమీది నీడ అడిగారా? ఆ పడవలో వెళ్ళినవాళ్ళు బతికి రావాలని పెట్టారు రొట్టె. వాళ్ళ మునిమనవళ్ళని కొండకింద పెట్టి కొండని గోకమని కాదు."

"నీకు ప్రతిదీ చావులాగే కనిపిస్తుంది," అన్నాడతను. గట్టిగా కూడా అనలేదు, జాలిగా అన్నాడు. అదే ఆమెను ఎక్కువ మండించింది.

నవంబరు నడుమ చెట్టు కోసే రోజు ఊరంతా పండగైంది. బడి పిల్లలు పాటలు పాడారు, బాకాల బృందం వాయించింది, బెరిత్ సాసేజ్‌లు కాల్చింది. హార్న్‌బే నుంచి వాళ్ళ మేయరు వచ్చాడు, మెళ్ళో బంగారు గొలుసుతో, కాళ్ళకి పల్చని బూట్లతో. బురదలో అడుగు తీసి అడుగు వేయలేక కొంగలా నిలబడ్డాడు. పెద్దమనిషే పాపం. గుద్రున్ సాసేజ్ అందించినప్పుడు రెండు చేతులతో తీసుకున్నాడు.

ఇంగ్లీషు వచ్చిన బడిపంతులమ్మ ఓద్నీ పక్కనే ఉంది. గుద్రున్ ఆమె మోచెయ్యి తట్టింది. "ఆయన్ని ఒక మాట అడుగు. ఇంత చెట్టు కావాలని మీరు అడిగారా అని."

"ఛీ, ఎలా అడగను? అతిథి."

"నువ్వు అడగకపోతే నేనే సైగలతో అడుగుతాను. అది ఇంకా బావుండదు."

ఓద్నీ ఎర్రబడుతూ అడిగింది. ఆయన సాసేజ్ నమలడం ఆపి, కాసేపు చెట్టుకేసి చూశాడు. తర్వాత మెల్లగా ఏదో చెప్పాడు. ఓద్నీ అది విని తటపటాయించింది.

"చెప్పు," అంది గుద్రున్.

"వాళ్ళ సభలో మూడేళ్ళుగా అనుకుంటున్నారట, చిన్న చెట్టు చాలని రాద్దామని. లారీ, ఓడ, మళ్ళీ లారీ... మూడువారాలు నిలబెట్టి తర్వాత పొట్టు చేసేయడం వాళ్ళకీ మనసొప్పడం లేదట. కానీ మనం నొచ్చుకుంటామేమోనని రాయలేకపోయారట. పోయినేడు ఆ పత్రిక వెక్కిరింతకి ఆయన సిగ్గుపడ్డాడట. ఇప్పుడు అస్సలు ఎలా చెబుతాం అంటున్నాడు."

అంతలోనే బాకాలు మోగాయి. క్రేన్ కొక్కెం చెట్టు తలని పట్టుకుంది. కింద రంపం అరిచింది. అంత చెట్టు గాల్లో ఒక్కసారి తిరిగింది, ఎవరో దాన్ని మెడ పట్టుకుని లేపినట్టు. జనం చప్పట్లు కొట్టారు. హల్వర్ టోపీ తీసి నిలబడ్డాడు, పత్రికవాళ్ళు ఫోటో తీసుకున్నారు.

పడుకోబెట్టాక చూస్తే, కొండవైపు ఎండ తగలక చెట్టు ఒకపక్క పల్చగా ఉంది. టోర్‌గేర్ మొహం మాడింది. చెయ్యి జేబులోని కాగితం ముక్క మీదికి పోయింది. ఆస్లే మనుషులు మరో ఆరు చెట్లు కొట్టి, మంచి కొమ్మలు ఏరి, ఆ పెద్ద చెట్టు మానుకి డ్రిల్లుతో కన్నాలు పెట్టి అందులో దిగగొట్టారు. కొమ్మలు తీసుకున్న ఆరు చెట్లూ వాలు మీదే పడి ఉండిపోయాయి. చేతులు కోసుకెళ్ళాక ఒళ్ళు వదిలేసినట్టు.

లారీ వెళ్ళిపోయింది. వాన మొదలైంది.

ఆ తీరంలో నవంబరు వాన కొత్త కాదు. కానీ వాన కొత్త దారి పట్టుకుని దిగడం కొత్త. బాలవాడి వెనక పిల్లవాగు ఎప్పుడూ అద్దంలా ఉండేది. మూడోనాటికి కాఫీ రంగు తిరిగింది.

"బండ్లు ముందువైపుకి మారుద్దాం బెరిత్, నీకు దండం పెడతాను."

"ముందువైపు సముద్రపు గాలి మొహాన కొడుతుంది. యాభై ఏళ్ళుగా పిల్లలు ఇక్కడే పడుకుంటున్నారు. నువ్వూ ఇక్కడే పడుకున్నావు."

"నేను పడుకున్నప్పుడు పైన అడవి ఉంది."

గురువారం మధ్యాహ్నం గిన్నెలు కడుగుతుంటే గుద్రున్‌కి వాగులో రాళ్ళు ఒకదానికొకటి తగిలే చప్పుడు వినబడింది. టక్, టక్. ఆమె తడిచేతులతోనే పరిగెత్తింది. తూవా బండి ముందు, తర్వాత పక్కది, తర్వాత దాని పక్కది, అలా తొమ్మిదీ ఒకదాని తర్వాత ఒకటి వానలోంచి ముందువైపుకి లాగింది. తొమ్మిదిమందీ ఉలిక్కిపడి లేచి ఒకే గొంతుగా ఏడ్చారు. బెరిత్ వచ్చి నెత్తి కొట్టుకుంది. అందరూ కొండకేసి చూశారు.

ఏమీ రాలేదు. వాన కురుస్తోంది, అంతే.

సాయంత్రానికి తల్లిదండ్రుల ఫిర్యాదులు వచ్చాయి. ఒకావిడ, నీ భయాలు మా పిల్లలకి అంటించకు అని మొహం మీదే అంది. పిల్లలు నిద్రపోయే వేళ పెరట్లోకి రావద్దని బెరిత్ ఆమెకు గట్టిగా చెప్పింది. "స్నేహితురాలిని కాబట్టి నోటితో చెబుతున్నా, గుద్రున్. ఇంకోసారైతే కాగితం మీద ఇవ్వాలి." గుద్రున్ తలూపింది. తర్వాతి రెండు రోజులూ తూవాని ఇంట్లోనే ఉంచుకుంది.

ఆదివారం ఉదయం, చర్చిలో గంటలు కొట్టే వేళ, కొండ దిగింది.

కొండంతా కాదు. క్రేన్ కోసం తవ్విన దారి మట్టుకు. నీళ్ళు తాగి బరువెక్కి, ఆ ఆరు చెట్ల మొండేలతో, రాళ్ళతో, బురదతో జారి వచ్చి, కంచె విరిచి, పిల్లల బండ్లు పెట్టే కొట్టంలోకి దూరి, అక్కడ ఆగింది. ఎవరికీ గీత పడలేదు. ఆదివారం కదా.

ఆ మాటే గుద్రున్ ఒళ్ళు మండించింది. చర్చినుంచి వచ్చినవాళ్ళు బురద చుట్టూ నిలబడి, "అమ్మయ్య, ఆదివారం!" అనుకున్నారు. "దేవుడు చల్లగా చూశాడు" అన్నారు. టోర్‌గేర్ కూడా అన్నాడు.

"దేవుడు వారానికి ఒక్కరోజే చూస్తాడా?" అంది గుద్రున్. "సోమవారమైతే? చెప్పండి, రేపైతే? క్యాలెండరు కాపాడిందని సంబరపడుతున్నారా?"

హల్వర్ అప్పటికే పార తెచ్చి తవ్వుతున్నాడు. సెలవురోజుల్లో బండ్లు ఆ కొట్టంలోనే ఉంటాయి. మధ్యాహ్నానికి తూవా బండి బయటపడింది. పడగలాంటి పైకప్పు దాకా బురద కూరినట్టు నిండి ఉంది, సొట్ట ఒక్కటి లేదు. పిల్ల తల పెట్టుకునే చోట అరచేయంత రాయి కూర్చుని ఉంది. హల్వర్ ఆ రాయిని తీసి చేతిలో పెట్టుకుని చాలాసేపు నిలబడ్డాడు. తర్వాత బండిని ఇంటికి తోసుకెళ్ళి, గొట్టం పెట్టి కడగడం మొదలుపెట్టాడు.

ఆ రోజునుంచి అతను మాట్లాడలేదు. గొర్రెలకి మేత వేశాడు, తిన్నాడు, తూవాని ఒళ్ళో కూర్చోబెట్టుకున్నాడు. మంగళవారం ఇంగ్లండు వెళ్ళే విమానం అతను లేకుండా వెళ్ళింది. గుద్రున్ రెండుసార్లు అడిగింది, "రేపు పిల్ల ఎక్కడ పడుకోవాలి హల్వర్?" అని. అతను కిటికీలోంచి వాలుకేసి చూశాడు. గురువారం టీవీలో హార్న్‌బే కూడలి చూపించారు. దీపాలు వెలిగాయి. అతికించిన కొమ్మలు ఏవో ఎవరూ గుర్తుపట్టలేరు, అంత బాగా అతికించారు. అతను లేచి వెళ్ళి మళ్ళీ బండి కడిగాడు.

తర్వాతి మంగళవారం సాయంత్రం ఊరి హాల్లో సమావేశం. కాఫీ, గళ్ళగళ్ళ అట్లలాంటి వాఫిల్‌లు, గోధుమరంగు జున్ను. ఏ కష్టమొచ్చినా ఆ ఊళ్ళో ముందు వాఫిల్‌లు వేస్తారు. టోర్‌గేర్ లేచి, వాన ఎన్నడూ లేనంత పడిందన్నాడు, ప్రకృతి వైపరీత్యమన్నాడు. బాలవాడిని చలికాలమంతా చర్చి నేలమాళిగలోకి మారుస్తామన్నాడు. తర్వాత గొంతు సవరించుకున్నాడు.

"ఇంకొక మంచి కబురు. మన చెట్టుని ఈసారి హార్న్‌బే పత్రిక తెగ మెచ్చుకుంది. దారి ఎలాగూ పడింది కాబట్టి, దానికి కాస్త రాళ్ళు పరిచి గట్టిచేస్తే, ముందు ముందు ఏళ్ళకి కూడా అక్కడినుంచే పంపవచ్చు. వేసిన దారిని వృథా చేయడం మంచిది కాదు కదా. హల్వర్ ఒప్పుకుంటే..."

గుద్రున్ లేచింది. ఊళ్ళో సభలో ఆమె ఎప్పుడూ మాట్లాడలేదు. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక కుర్చీ వీపు పట్టుకుంది.

"ప్రకృతా? ప్రకృతి ఎనిమిది తరాలు ఊరుకుంది. దారి తవ్వింది ప్రకృతా? దారికి నలభై మూడు చెట్లు, సోకుకి ఆరు, కానుకకి ఒకటి. యాభై చెట్లు కొట్టి ఒకటి పంపాం. అది కూడా మూడువారాల దీపాలకి. ఆ తర్వాత దాన్ని పొట్టు చేస్తారు. వాళ్ళు అడిగారా? ఓద్నీ, లే. ఆయన ఏమన్నాడో చెప్పు."

ఓద్నీ లేచి, నేలచూపులు చూస్తూ, ఆయన అన్నదంతా చెప్పింది. హాల్లో కుర్చీలు కిర్రుమన్నాయి.

"వాళ్ళు వద్దనలేరు, మీరు మానలేరు," అంది గుద్రున్. "వాళ్ళకి మర్యాద అడ్డం, మీకు పరువు అడ్డం. మధ్యలో కొండ కింద ఉన్నది ఎవరు? తొమ్మిదిమంది, పళ్ళు కూడా పూర్తిగా రానివాళ్ళు. ఒక ఉత్తరం ముక్క రాసుంటే పోయేదానికి! నాకు చదువు లేదు. నాకు భయం ఎక్కువ. ఒప్పుకుంటా. కానీ భయపడాల్సిన చోట భయపడని చదువు మీకెందుకు?"

ఆమె కూర్చుంది. బెరిత్ వెనకనుంచి ఆమె భుజం మీద చెయ్యి వేసింది. ఆ చెయ్యిని గుద్రున్ దులపలేదు, పట్టుకోనూ లేదు.

టోర్‌గేర్ చెమట తుడుచుకున్నాడు. "ఆవేశం అర్థమైంది. కానీ స్థలం హల్వర్‌ది. మాట హల్వర్‌ది." వేదిక దిగి, కుర్చీల మధ్యనుంచి నడిచి వచ్చి, హల్వర్ ముందు నిలబడి చెయ్యి చాపాడు. ఊరంతా చూస్తుండగా చాపిన చెయ్యి. "ఏమంటావు హల్వర్? మనం మనం చూసుకుందాం."

హల్వర్ ఆ చెయ్యికేసి చూశాడు. కదలలేదు. వంటింట్లో వాఫిల్ పెనం సుయ్యిమంది. ఎవరో దగ్గారు. ఎప్పుడూ ఖాళీ నిశ్శబ్దాన్ని తన భయాలతో నింపేసే గుద్రున్, ఈసారి పెదవి కొరుక్కుని కూర్చుంది. టోర్‌గేర్ చెయ్యి అలాగే గాల్లో ఉంది. కాస్త కిందికి వాలింది, మళ్ళీ లేచింది. వెనక వరసలో ఒక ముసలాయన కాఫీ కప్పు కింద పెట్టిన చప్పుడు అందరికీ వినిపించింది.

హల్వర్ లేచి నిలబడ్డాడు. చేతులు జేబుల్లోనే ఉన్నాయి. తొమ్మిది రోజులు వాడని గొంతు బొంగురుగా వచ్చింది.

"బండి నాలుగుసార్లు కడిగాను టోర్‌గేర్. కుట్లలోంచి ఇంకా ఇసక రాలుతోంది. చెయ్యి ఇవ్వను. పోయినసారి ఇచ్చింది కూడా తప్పే, తప్పు నాదే. మంచు కరగ్గానే ఆ దారి నిండా మళ్ళీ మొక్కలు నాటాలి. దానికైతే రా."